కుడిచేతి పక్క తలుపు

ఇల్లు మారక తప్పదని తేలిన రోజు మా ఆయన పెట్టిన షరతు ఒక్కటే. కిరాయి ఎంత, ఎన్నో అంతస్తు, మంజీరా నీళ్ళు వస్తాయా రావా, ఇవేవీ అడగలేదు.

"కొత్తింట్ల నా చెయ్యి ఎవ్వరు పట్టుకోవద్దు. గంతే," అన్నారు.

ఆయనకు చూపు లేదు. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు. ముందు అంచులు మసకబారాయి, తర్వాత నడుమ. పూర్తిగా పోయి ఆరేళ్ళు. అయినా నాంపల్లి స్టేషన్ వెనక సందులోని మా ఇంటికి కొత్తవాళ్ళు ఎవరైనా వస్తే, ఆయనకు కనపడదని వాళ్ళు కనిపెట్టడానికి చాలాసేపు పట్టేది. పొద్దున లేచి తానే బాత్రూంకు వెళ్ళేవారు. సాయంత్రం తానే చాయ్ పెట్టి, నాకూ ఒక కప్పు పోసి, వరండాలో కుర్చీ వేసుకొని స్టేషన్ మైకులో చెప్పేవి వినేవారు. ఆ స్టేషన్ పార్సిల్ ఆఫీసులోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఏ బండి లేటో నాకు చెప్పి, ఎందుకు లేటై ఉంటుందో కూడా తానే ఊహించి చెప్పేవారు.

ఈ నడక ఆయనకు ఊరికే రాలేదు. చూపు పోయిన మొదటి ఏడాది మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక గాయం ఉండేది. నేను చెయ్యి అందిస్తే విదిలించి కొట్టేవారు. వాళ్ళ అన్న పక్షవాతం వచ్చి, ఊళ్ళో ఎవరో ఒకరి చెయ్యి కోసం గడప వైపు చూస్తూ కూర్చొని కూర్చొని పోయాడు. అది ఈయన కళ్ళున్న రోజుల్లో చూశారు. "నేను గట్ల కూసోను," అని అప్పుడే అన్నారు. కూర్చోలేదు కూడా.

మా అమ్మాయి కాచిగూడలో ఉంటుంది. ఇల్లు మారుతున్నామంటే ఆమె భయం ఆమెది.

"అమ్మా, నీకు డెబ్బై రెండు. బాపు పడితే నువ్వు లేపుతవా? నాకు సెలవు ఆదివారమే, ఇల్లు మారినంక రెండో ఆదివారం దాకా చూస్త. బాపు ఒక్కడు తిరగరాకుంటే ఇగ మనిషిని పెడ్త. నీ మాట వినను, ఆయన మాట వినను."

మనిషి అంటే పొద్దున వచ్చి రాత్రి దాకా పక్కనే ఉండి, చెయ్యి పట్టి తిప్పే అటెండర్.

"నీ పెండ్లిల నగలకు గూడ గంత కావలి పెట్టలేదు బిడ్డా," అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గాని ఆ పూట అన్నం సగమే తిన్నారు.

ఇక నాకు కాలు నిలవలేదు. మా ఇంటి ఓనర్ పోయాక కొడుకులు బిల్డింగ్ అమ్మేశారు. కొన్నవాళ్ళు వానలు తగ్గగానే కూలగొడతామన్నారు. వాళ్ళిచ్చిన గడువు ఇంకా ఉంది. కాని మధ్యలో ఆషాఢం ఉంది. ఆషాఢంలో మేం ఇల్లు మారం. కాబట్టి నాకు మిగిలింది జ్యేష్ఠం. అందులో మంగళవారాలు, శనివారాలు, అమావాస్య ముందు రోజులు తీసేస్తే చేతిలో ఏమీ లేనట్టే. క్యాలెండర్ ముందు నిలబడి వేలితో గళ్ళు లెక్కపెట్టడం, మళ్ళీ వచ్చి మళ్ళీ లెక్కపెట్టడం. లెక్క తప్పుతుందని కాదు. నేను ఒక సర్కారు ఆఫీసులో పద్దులు చూసి రిటైరైన మనిషిని, నా కూడిక తప్పదు. కాని చెయ్యి ఊరుకోదు.

ఇంటి కోసం తిరిగాను. ఖైరతాబాద్ దాకా వెళ్ళి చూసి వచ్చాను. అక్కడ మెట్లు ఎక్కువ. అఫ్జల్‌గంజ్ వైపు ఒకటి చూపించారు. ఆ బస్సుల మోతలో ఆయనకు నా గొంతే వినపడదు. చివరికి అబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌కు దగ్గర్లో, ఒక పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు దొరికింది. లిఫ్టు ఉంది. ఒక పడకగది, హాలు, వంటగది. గదుల కొలతలు మా పాత ఇంటికి దాదాపు సరి. టేపు పెట్టి కొలిచాను. టేపు రెండో కొస పట్టుకోమంటే వాచ్‌మన్ విసుక్కున్నాడు.

"కిరాయికేనా అమ్మా, కొంటున్నవా?"

"కిరాయికే. పట్టుకో."

ఒకటే తేడా. పాత ఇంటి ద్వారం తూర్పున ఉండేది, ఈ ఇంటిది పడమర. పడమర ద్వారం కిరాయికి ఉండేవాళ్ళకు దోషం కాదని పంచాంగం చూసే ఆయన చెప్పాడు. వంటగది వాయవ్యంలో ఉంది, అదీ పనికొస్తుంది. పొయ్యి పెట్టే గట్టు ఆ గదిలో ఆగ్నేయం మూలనే కట్టారు. దేవుళ్ళకు ఈశాన్యంలో గూడు ఉంది. తల దక్షిణం పెట్టి పడుకోవడానికి మంచం సరిగ్గా పడుతుంది. తూర్పు పడమరలుగా వేస్తే తలుపు తెరుచుకోదు. ఇన్ని కలిసివచ్చిన ఇల్లు ఈ రోజుల్లో దొరుకుతుందా? అడ్వాన్సు ఇచ్చేశాను.

ఆయన షరతు నెరవేర్చే ఉపాయం కూడా ఆ రోజే తట్టింది. పాత ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉందో కొత్త ఇంట్లోనూ అది అక్కడే ఉండాలి. అంతే కదా. వంటింట్లో తూర్పు గోడకు ఉన్న గిన్నెల స్టాండు తూర్పు గోడకే. ఉత్తరం కిటికీ పక్కన ఉన్న మంచినీళ్ళ బిందె ఉత్తరం వైపే. మా పుట్టింట్లో వస్తువు చోటు చెప్పాలంటే దిక్కే చెప్పేవాళ్ళం. ఉప్పు ఎక్కడుందే అంటే ఉత్తరం గూట్లో. దువ్వెన ఎక్కడుందే అంటే పడమటి గోడకు. నాకు కళ్ళు మూసుకున్నా తూర్పు ఏదో తెలుస్తుంది. ఆ లెక్కనే ఇల్లంతా వేశాను.

అట్టపెట్టెలు అబిడ్స్‌లో పుస్తకాల దుకాణం వాళ్ళ దగ్గర కొన్నాను. పుస్తకాల పెట్టెలకు అడుగు గట్టిగా ఉంటుంది. గాజు సామానుకు నా పాత వాయిల్ చీరలు చుట్టాను. తాళ్ళు కట్టడం మాత్రం ఆయనే చేశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. మంచం అంచున కూర్చొని, పెట్టెను మోకాళ్ళ మధ్య పెట్టుకొని, తాడును అడ్డంగా నిలువుగా తిప్పి ముడి బిగించేవారు.

"ఆఫీసరమ్మా, గీ ముడి ఖాజీపేటల విప్పాలన్నా కత్తి కావాలె."

"మనం పోయేది అబిడ్స్‌కు. విప్పేది నేను. జర వదులుగ కట్టండ్రి."

"వదులుగ కట్టుడు నాకు రాదు. నేర్పలే మాకు."

నేను ప్రతి పెట్టె మీదా నల్ల మార్కర్‌తో రాశాను: పడకగది, తూర్పు. వంటగది, తూర్పు గోడ. హాలు, నైరుతి. రాసిన తర్వాత మళ్ళీ అన్నింటినీ చదివాను. రెండోసారి చదువుతుంటే ఆయన అన్నారు, "పొద్దటికెల్లి నీ కాళ్ళ సప్పుడే వినొస్తున్నది. కూసో. సామానుకు రెక్కలు రావు."

కూర్చున్నాను. మళ్ళీ లేచాను. గ్యాస్ కనెక్షన్ మార్పించానా? మార్పించాను. పాలవాడికి చెప్పానా? చెప్పాను. తులసి కుండీ పగులుతుందేమో. వాన వస్తుందేమో. జ్యేష్ఠం చివర కదా, మబ్బు పట్టడం మొదలైంది. పైన టార్పాలిన్ ఉన్న డీసీఎం వ్యాన్ కావాలని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను. మూడోసారి చేస్తే ఎత్తలేదు.

గురువారం తెల్లవారకముందే నేనూ, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చిన మా అమ్మాయీ దేవుళ్ళనూ, పసుపూ, ఉప్పూ, బియ్యమూ, కొత్త చీపురునూ పట్టుకొని ఆటోలో వెళ్ళి కొత్త ఇంట్లో పాలు పొంగించాం. పాలు తూర్పు వైపుకే పొంగాయి. మనసు కొంచెం కుదుటపడింది. పాత చీపురు పాత ఇంట్లోనే తలుపు వెనక వదిలేశాను, వదిలేయాలి కాబట్టి.

సామాను ఎత్తడానికి వచ్చిన హమాలీల మేస్త్రి పెట్టెల మీద రాత చూసి బిత్తరపోయాడు.

"గిదేంది పెద్దమ్మా, దిక్కులు రాసినవ్? గిన్నెలో బట్టలో రాయరాదే?"

"నీకు గిన్నెలతోని ఏం పని? ఎక్కడ పెట్టాల్నో రాసిన."

"సూర్యుడు మబ్బుల ఉన్నడు. తూర్పేదో నాకేమెరుక? ఇల్లు మారుస్తున్నమా, యుద్ధానికి పోతున్నమా?"

లోపలినుంచి ఆయన గొంతు వచ్చింది. "యుద్ధమే తమ్మీ. యాభై ఏండ్లకెల్లి నడుస్తున్నది. నువ్వు ఇయ్యాల చూస్తున్నవ్."

హమాలీలు గట్టిగా నవ్వారు. నేను కూడా నవ్వేదాన్ని, కాని అప్పుడే ఒకడు గాజు సామాను పెట్టెను తలకిందులుగా ఎత్తాడు.

మధ్యాహ్నానికల్లా డీసీఎం అబిడ్స్ చేరింది. ట్రాఫిక్‌లో అర కిలోమీటరుకు అంతసేపు పట్టిందంటే, నడిచి మోసుకొచ్చినా ముందే వచ్చేవాళ్ళం. ప్రతి పెట్టెనూ నేను గుమ్మంలో నిలబడి, చేత్తో దిక్కు చూపించి లోపలికి పంపాను. సాయంత్రానికి మంచం పడింది. అది టేకు మంచం, రెండు కొసలా ఒకే ఎత్తు పలకలు. దక్షిణం వైపు దిండ్లు పెట్టాను. ఇనుప పెట్టె తూర్పు కిటికీ కింద. తూర్పు తేలికగా ఉండాలంటారు గాని ఆ గదిలో దానికి ఇంకెక్కడా చోటు లేదు. స్టాండు తూర్పు గోడకు, బిందె ఉత్తరానికి. ఒక్క సామాను పగల్లేదు. వాన కూడా సామాను అంతా లోపలికి వచ్చాకే పడింది. నేను అనుకున్నది అనుకున్నట్టు జరిగింది.

మరునాడు, శుక్రవారం మధ్యాహ్నం, భోజనం చేసి ఆయన కాసేపు పడుకున్నారు. నేనూ అమ్మాయీ హాలులో కర్టెన్లు తగిలిస్తున్నాం. లోపల దబ్బుమని శబ్దం. వెళ్ళేసరికి ఇనుప పెట్టె మీద బోర్లా పడి ఉన్నారు. ఒక చెయ్యి కిటికీ ఊచల్లో ఉంది. కాలి ముందు ఎముక మీద చర్మం లేచిపోయింది.

"తలుపు ఏమాయె?" అన్నారు. దెబ్బ గురించి కాదు, అదే అడిగారు. "తలుపు ఉండాలె గద గీడ."

మా అమ్మాయి ఆయనను లేపి కూర్చోబెట్టింది. గాయం కడిగి, పట్టీ వేసి, ఫోన్ తీసుకొని బాల్కనీలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"ఎవరికి చేస్తున్నవ్?"

"అటెండర్‌ను పంపేటోళ్ళకు."

"రెండో ఆదివారం దాకా అన్నవ్ గద."

"అమ్మా, రెండో రోజే పడ్డడు!"

"అన్న మాట అన్నట్టుండాలె. ఆదివారం అంటే ఆదివారం."

ఆమె నా మొహంలోకి చూసి ఫోన్ జేబులో పెట్టుకుంది. నా కూతురే కదా, మాట తారీఖు తప్పితే ఆమెకూ నచ్చదు.

ఆ తర్వాత రోజుల్లో నేను ఎన్ని విధాలా ప్రయత్నించానో. పాత ఇంట్లో తూర్పు గోడకు తలుపు, ఇక్కడ పడమటి గోడకు. కాబట్టి ఎడమ పక్కకు దిగండి అని చెప్పాను. మెలకువగా ఉన్నప్పుడు చెబితే సరే అనేవారు. కాని నిద్ర లేచిన మనిషికి ఒళ్ళు ముందు లేస్తుంది, మాట తర్వాత గుర్తొస్తుంది. పైగా ఆయనకు ఎడమ మోకాలు వంగదు. కుడికాలు కింద పెట్టి, కుడిచెయ్యి ఆనించి లేవడమే అలవాటు. ఎడమకు దిగాలంటే మంచం మీద ముందు ఒక ప్రదక్షిణ చేయాలి. ఇనుప పెట్టెను హాలులోకి జరిపించాను. పెట్టె పోతే గోడ ఉంది. మంచం చుట్టూ చీర అంచు తాడుగా కట్టి పట్టుకొని రమ్మన్నాను. "నేనేమన్న బర్రెనా?" అని దాన్ని విప్పి పారేశారు.

వంటగదిలోనూ అంతే. స్టాండు కోసం ఒక వైపు చెయ్యి చాపితే గోడ తగిలేది. ఒకసారి కాదు, చాపిన ప్రతిసారీ. చాయ్ నేనే పెట్టి ఇస్తున్నాను. ఆయన వద్దనడం లేదు. అదే నాకు నచ్చలేదు.

సోమవారం పొద్దున ఆయన పడకగది గడప మీద కూర్చున్నారు. రెండు చేతులూ చాపి దర్వాజా చట్రాన్ని రెండు వైపులా పట్టుకొని, హాలు వైపు మొహం పెట్టి, ఏదో కొలుస్తున్నట్టు.

"ఆఫీసరమ్మా, గీడికెల్లి బాత్రూం ఎటు?"

"దక్షిణం."

"దక్షిణం గాదే. ఏ చెయ్యి?"

నేను ఆయన వెనక నిలబడి నా చేతులు చూసుకున్నాను. "ఎడమ."

"పాతింట్ల?"

"పాతింట్ల ఉత్తరం." అక్కడ గడపలో నిలబడ్డట్టు ఊహించుకున్నాను. "ఎడమ."

"వంటిల్లు?"

"కుడి. అక్కడ కూడ కుడే."

"మరి ఏం మారింది? ఇల్లు గదే. ఎవడో పట్టుకొని మొత్తం ఇల్లును అటుమొహం ఇటు తిప్పిండు. నువ్వు సామానును మాత్రం తిప్పకుంట పెట్టినవ్." తల వెనక్కి తిప్పి, నా వైపు కాదు, మంచం వైపు చెయ్యి చూపించారు. "ఇల్లు సక్కగనే ఉన్నది. గా మంచమే ఎదురున్నది."

నాకు చెప్పలేనంత చిరాకు వచ్చింది. నా మీద కూడా, ఆయన మీద కూడా. ఆరేళ్ళుగా ఆయన తూర్పు అనడం నేను వినలేదు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, ఎదురు, వెనక, అంతే. నేను మాత్రం తూర్పు గూట్లో అని చెబుతూనే ఉన్నాను. పాత ఇంట్లో రెండూ ఒకటే చోటు చూపించేవి కాబట్టి ఇద్దరికీ తేడా తెలియలేదు.

ఆ రోజే స్టాండును పడమటి గోడకు మార్పించాను. బిందె దక్షిణానికి వచ్చింది. తువ్వాలు కొక్కెం ఎదుటి గోడకు. అవన్నీ ఒక పూటలో అయిపోయాయి. మంచం దగ్గర ఆగిపోయాను.

మంచం జరపనక్కరలేదు. రెండు దిండ్లు ఆ కొసనుంచి ఈ కొసకు పెడితే చాలు. అప్పుడు తలుపు ఆయన కుడిచేతి పక్కకు వస్తుంది. కాని తల ఉత్తరానికి వస్తుంది.

ఉత్తరానికి తల పెట్టి పడుకోరాదని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఒంటికి ఎక్కింది. చిన్నప్పుడు నిద్రలో దొర్లి ఉత్తరానికి తిరిగితే, మా అమ్మ కాళ్ళు పట్టి చాప మీదే గిర్రున తిప్పేది. వినాయకుడికి తల తేవడానికి వెళ్ళినవాళ్ళకు ఉత్తరం తల పెట్టి పడుకున్న ఏనుగే దొరికిందని, అట్లా పడుకున్నవాళ్ళ తల మీద ఎప్పుడూ కన్ను ఉంటుందని చెప్పేది. రైలులో కూడా బెర్తు మీద దిక్కు చూసుకొని పడుకున్న మనిషిని నేను. ఆ పట్టింపు మూఢమా కాదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించడానికి ధైర్యం రాలేదు. ఆయన వయసు డెబ్బై ఎనిమిది. ఆ వయసు మనిషి తలను నా చేతులతో నేనే ఉత్తరానికి పెట్టాలా?

ఆ మాటే అన్నాను.

"ఏనుగు తల కోసిన్రు, గంతే గద?" అన్నారు. "నా తల కోసి ఏం చేస్తరే? ఖైరతాబాద్ గణేషుని లెక్క నిలబెడతరా? నిలబెడితే మంచిదే, నీకు లైను లేకుంట దర్శనం."

"నవ్వులాట గాదు."

"నాకు మాత్రం నవ్వులాటనా?" ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. బలవంతపెట్టే మనిషి కాదు. ఆయన పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడేదాన్ని.

మంగళవారం, బుధవారం నేను ఇల్లంతా తిరిగాను. సర్దినవే మళ్ళీ సర్దాను. గుడికి వెళ్ళి అడుగుదామని చెప్పులు వేసుకొని, లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అడిగితే వద్దంటారు, ఆ సంగతి నాకు తెలుసు. వద్దనిపించుకొని రావడం తేలిక.

మా ఆయన మంచం పక్కన నేను రోజూ పొద్దున లీటరు సీసాలో నీళ్ళు నింపి పెడతాను. సాయంత్రానికి ఖాళీ అవుతుంది. అది ఎన్నో ఏళ్ళ అలవాటు, డాక్టరు చెప్పినది. బుధవారం సాయంత్రం సీసా ఎత్తితే బరువుగా ఉంది. మూత తీసి చూశాను. రెండు గుక్కలు తగ్గి ఉంటాయేమో.

"నీళ్ళు తాగలేదేం?"

"దూప కాలే."

"నిన్న?"

నిన్నటి సీసా నేను చూడకుండానే మొక్కకు పోశానని గుర్తొచ్చింది. అది కూడా బరువుగానే ఉంది. తులసి కుండీ నిండి కింద కారింది కూడా.

జూన్ ఉక్క అది. ఫ్యాను కింద కూర్చున్నా చెమట పడుతోంది. ఆ ఉక్కలో దూప కాని మనిషి ఉండడు. నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే నన్ను పిలవాలి. అందుకని తాగడం మానేశారు. మంచం అంచున, రెండు చేతులూ తొడల మీద పెట్టుకొని, మొహం తలుపు ఉందనుకున్న వైపు పెట్టి కూర్చొని ఉన్నారు. వాళ్ళ అన్న కూర్చున్నట్టే. ఆ పోలిక ఆయనకు తెలియదు. నాకు కనపడుతోంది.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన హాలులో రేడియో వింటుంటే నేను గదిలోకి వెళ్ళాను. కిటికీ పరదా వేశాను, ఎందుకో తెలియదు, ఎవరూ చూడరు. ఈశాన్యం మూల దేవుడి గూడు ముందు నిలబడి ఏదైనా అందామనుకున్నాను. దండం మాత్రం పెట్టాను. దుప్పటి దులిపి, తిప్పి పరిచాను. ఆయన దిండు ఎత్తి ఉత్తరం కొసన, తలుపు ఉన్న వైపుకు పెట్టాను. నా దిండు దక్షిణానే ఉంచుకోవచ్చు. అప్పుడు నా కాళ్ళు ఆయన మొహం దగ్గరికి వస్తాయి. అది ఎట్లాగూ కుదరదు. అయినా ఆయన తల ఒక్కటే అటు పెట్టి, నాది భద్రంగా ఇటు ఉంచుకోవడమేమిటి? నా దిండు కూడా తీసి, ఆయన దిండు పక్కన పెట్టాను. కొంచెం జరిపి సరి చేశాను.

ఆయన వచ్చి పడుకోబోతూ దిండు కోసం తడిమారు. అది ఎటు ఉందో చేతికి తెలిసింది. కొంతసేపు ఆ దిండు మీద చెయ్యి అట్లాగే ఉంచారు.

"నీదో?" అన్నారు.

"పక్కనే ఉన్నది."

పడుకున్నారు. నేను కూడా పక్కన పడుకున్నాను గాని రెప్ప వేయలేదు. ఉత్తరంలో తల ఉందన్న సంగతి నెత్తి మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు తెలుస్తూనే ఉంది. ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. ఒకటి వచ్చి రెండోది ఆలస్యమైతే లేచి మొహం చూడటం, మళ్ళీ పడుకోవడం.

ఆయన లేచారు. కుడికాలు కింద పెట్టారు. కుడిచెయ్యి పలక మీద ఆనించారు. నేను నా చేతులు రెండూ నా వీపు కింద పెట్టుకొని పడుకున్నాను, లేకపోతే అవి ఆయనను పట్టుకొనేవి. అడుగులు మెల్లగా పడ్డాయి. వేళ్ళు దర్వాజాను తాకాయి. అక్కడ ఒక క్షణం ఆగి, ఎడమకు తిరిగారు. బాత్రూం తలుపు గడియ చప్పుడైంది.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా పడకగదిలోకి వెళ్ళింది.

"అమ్మా! దిండ్లు ఎటు పెట్టినవ్? మతి ఉండే పెట్టినవా?" నా పెంపకమే, ఆ గొంతులో మా అమ్మ కూడా ఉంది.

"ఉండే పెట్టిన."

"బాపుకు ఏమన్న అయితే?"

"ఏమన్న అయితే మా ఇద్దరికి అయితది. ఇగ కూసో, చూద్దువు గాని."

ఆమె కూర్చోలేదు. గడప దగ్గర నిలబడి, తండ్రి లేచి తన పక్కనుంచే నడిచి వెళ్ళడం చూసింది. దారి ఇవ్వడానికి గోడకు అతుక్కుంది. ఆయన ఆమె భుజం తాకి, "ఎవరే, స్తంభం లెక్క నిలబడ్డవ్?" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"ఇంకో వారం చూస్త," అంది. అటెండర్ మాట మాత్రం ఎత్తలేదు.

నాకు ఇప్పటికీ ఆ మంచం మీద నిద్ర సరిగ్గా పట్టదు. మెలకువ వచ్చినప్పుడల్లా ముందు ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను. "ఉన్నది ఉన్నది, వినాయకునికి ఇయ్యలే," అంటారు కళ్ళు తెరవకుండానే. పొద్దున నింపిన సీసా సాయంత్రానికి ఖాళీ అవుతోంది. దానితో సమాధానపడుతున్నాను.

అమ్మాయి చూసి వెళ్ళిన ఆ సాయంత్రమే వంటింట్లోనుంచి గిన్నె చప్పుడు, పంపు చప్పుడు వినపడ్డాయి. నేను హాలులో కూర్చున్నాను. లేవాలని మోకాళ్ళు తొందరపడుతున్నాయి. లేవలేదు.

"ఏమే, చాయ్ పత్తి డబ్బ ఎటు పెట్టినవ్?"

"పడమటి..." అని ఆగాను. కళ్ళు మూసుకొని, ఆ గది గుమ్మంలో ఆయన నిలబడ్డట్టే నిలబడి చూసుకున్నాను.

"ఎడమ చెయ్యి. నడిమి అర."

డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చింది.